నూటికి నూరుపాళ్ళ గబ్బాకు

ఒక పెద్ద అడవిలో చల్లని గుహ ఒకటి ఉండేది. ఆ గుహలో పరిశోధనాలయం ఉండేది. గుహ ఎంత చల్లగా ఉండేదంటే, మధ్యాహ్నం భోజనం కాగానే లోపలున్నవాళ్ళకి కునుకు పట్టేది. ఏడేళ్ళలో ఆ సంస్థ సందేహానికి తావులేకుండా తేల్చిన విషయం అదొక్కటే.

దాని డైరెక్టరు ఒక నక్క. పేరు ఆచార్య ఊళేశ్వరరావు గారు. ఆ ‘ఆచార్య’ ఆయన పేరు ముందుకి ఎప్పుడు వచ్చి చేరిందో ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే, "ఆ సభకి మీరు రాలేదులెండి" అనేవారు. అడిగినవాడే నొచ్చుకుని వెళ్ళిపోయేవాడు.

ఆయన కింద పనిచేసేది ముళ్ళపంది మాణిక్యమ్మ ఒక్కతే. ఉద్యోగంలోకి తీసుకున్న రోజున ఆమె చదువూ చూడలేదు, తెలివీ చూడలేదు. ఒంటినిండా కలాలున్నాయని తీసుకున్నారు. ఒక ముల్లు పీకి నేరేడు పండు రసంలో ముంచితే రాత సాగిపోయేది. ఏడేళ్ళుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగమే. ఏటా మోదుగు పూయగానే ఆచార్యులు, "ఈ ఏడు పర్మనెంటు చేయిస్తా మాణిక్యమ్మా" అనేవారు. ఏటా మోదుగు పూలు రాలిపోయేవి. మాణిక్యమ్మ మాత్రం ఆశ వదులుకోలేదు. ఆశ వదులుకునే జాతి అయితే ఆఫీసుల్లో ఎందుకు చేరుతుంది?

ఇలా సుఖంగా సాగుతుండగా ఒక రోజు మంత్రి ఏనుగు గారి నుంచి తాఖీదు వచ్చింది. ‘ఏడేళ్ళలో ఈ సంస్థ ఏం కనిపెట్టిందో పది రోజుల్లో నివేదించవలెను. ఏమీ లేనిచో గుహ ఎలుగుబంటికి తేనె దాచుకొనుటకు ఇవ్వబడును.’

ఆచార్యుల వారికి కునుకు ఎగిరిపోయింది. గుహలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగారు.

"మాణిక్యమ్మా, మనం ఇంతవరకు ఏం కనిపెట్టాం?"

"పున్నమినాడు మీ ఊళ పొడవు పెరుగుతుందని కనిపెట్టామండీ. అమావాస్యనాడు కూడా పెరుగుతుందని మళ్ళీ కనిపెట్టాం."

"అది చాలదు. జనానికి పనికొచ్చేది కావాలి. ఈ అడవిలో జనానికి అన్నిటికంటే పెద్ద బెంగ దేని గురించి?"

మాణిక్యమ్మ గొంతు తగ్గించింది. "పెద్దాయన గురించే కదండీ."

పెద్దాయన అంటే పులి. ఆ అడవిలో పులిని పులి అనరు. వెనకాలైనా సరే పెద్దాయన అనే అంటారు, ‘వచ్చారు, వెళ్ళారు, తిన్నారు’ అని మర్యాదగానే అంటారు. ఆయన ఎప్పుడు ఏ పొదలో ఉంటారో తెలియనప్పుడు మర్యాద ఇవ్వడంలో నష్టమేమీ లేదు.

ఆచార్యులు గుహ బయటకి చూశారు. అక్కడ గబ్బాకు మొక్కలు గుంపుగా పెరిగి ఉన్నాయి. వాసన ఘాటుకి ఏ జంతువూ వాటిని ముట్టదు. అందుకే గుంపుగా ఉన్నాయి.

"దొరికింది. గబ్బాకు తింటే పెద్దాయన దగ్గరికి రారు."

"నిజమేనాండీ?"

"అది తేల్చడానికే కదా మనకి జీతాలిస్తున్నది. ముందు తేల్చేద్దాం, నిజం తర్వాత అదే వస్తుంది."

ఆ అడవిలో అందరూ నీళ్ళు తాగేది ఒకే రేవులో. రేవుకి రెండు దారులున్నాయి. దిగేది ఒకటి, ఎక్కేది ఒకటి. దిగిన దారిలో ఎవరూ తిరిగి ఎక్కరు. దాహంతో దిగేవాళ్ళు, కడుపు నింపుకుని ఎక్కేవాళ్ళు ఇరుకులో ఢీకొని కొమ్ములు విరగ్గొట్టుకుంటున్నారని తాతల నాడు పెట్టిన కట్టుబాటు అది. రెండు దారుల మధ్య రెల్లు దట్టంగా పెరిగి ఉండేది. పెద్దాయన ఎక్కువగా ఉండేది ఆ రెల్లులోనే.

పరిశోధన మూడు రోజులు జరిగింది. రోజూ పొద్దున మాణిక్యమ్మ నలభై గబ్బాకులు కోసి దిగుదారి మొదట్లో బండ మీద పెట్టేది. ‘ఉచితం’ అని రాసి ఉండడంతో దిగే జింక దిగినట్టే తలా ఒకటి నమిలి వెళ్ళేది. తర్వాత ఆమె చుట్టూ తిరిగి వచ్చి ఎక్కుదారి చివర కూర్చునేది. ఎక్కి వచ్చినవాళ్ళని ఆచార్యులు రాసిచ్చిన ఫారం పట్టుకుని రెండే ప్రశ్నలు అడిగేది.

ఒకటి: గబ్బాకు తిన్నారా?

రెండు: పెద్దాయన మిమ్మల్ని తిన్నారా?

రెండో ప్రశ్నకి రెండు గడులు. తిన్నారు, తినలేదు. జింకలు ఒకటికి రెండుసార్లు ఒళ్ళు తడుముకుని, "తినలేదమ్మా" అని చెప్పేవి. మూడు రోజులు ముగిసేసరికి నూట పదమూడు ఫారాలు పోగయ్యాయి. అందరూ గబ్బాకు తిన్నవాళ్ళే. ఒక్కరిని కూడా పెద్దాయన తినలేదు.

"నూటికి నూరుపాళ్ళు" అన్నారు ఆచార్యులు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా.

మాణిక్యమ్మ ముల్లుతో తల గోక్కుంది. "సార్, ఆకులు నూట ఇరవై పెట్టానండీ. అన్నీ అయిపోయాయి. ఫారాలు నూట పదమూడే వచ్చాయి. ఏడు తగ్గాయి."

"ఆ ఏడుగురూ జవాబు చెప్పారా?"

"లేదండీ. వాళ్ళు కనబడలేదు."

"చూశావా? పరిశోధనకి సహకరించనివాళ్ళని లెక్కలో కలపకూడదు. అది శాస్త్రం కాదు."

"మామూలుగా మూడు రోజుల్లో ఇద్దరో ముగ్గురో పోతారండీ. ఈసారి ఏడుగురు..."

"మాణిక్యమ్మా," అన్నారు ఆచార్యులు మెత్తగా, "ఈ రిపోర్టులో నా పేరు కింద నీ పేరు కూడా వేస్తున్నా. మొన్న పర్మనెంటు కాగితం మీద సంతకం కూడా పెట్టేశాను."

మాణిక్యమ్మ ఆ లెక్క పక్కన పెట్టి కాగితం అందుకుంది. ఏడేళ్ళు ఎదురుచూసిన కాగితం అది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి దాన్ని మూడుసార్లు చదువుకుంది. ఆ ఏడుగురూ వేరే అడవికి వలస వెళ్ళి ఉంటారని తనకి తానే సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పేవాళ్ళు, వినేవాళ్ళు ఒక్కరే అయితే పని త్వరగా అవుతుంది.

అడవిలో ‘కొమ్మకొమ్మ’ అని దినపత్రిక ఉండేది. టేకాకుల మీద రాసి చెట్లకి అతికించేవారు. దాని సంపాదకుడు చిలుక శుకానందం. చెప్పింది చెప్పినట్టు రాస్తాడని ఆయనకి మంచి పేరు. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అనే వాటి జోలికి ఎన్నడూ పోయినవాడు కాదు.

మర్నాడు పొద్దున ప్రతి చెట్టు మీదా పెద్ద అక్షరాలు కనబడ్డాయి. ‘గబ్బాకు తింటే పెద్దాయన పరార్! నూటికి నూరుపాళ్ళు నిజమని తేల్చిన శాస్త్రజ్ఞులు.’

రెండో రోజు, ‘పెద్దాయనకి దడ పుట్టిస్తున్న గబ్బాకు’. మూడో రోజు, ‘గబ్బాకు మన పూర్వీకులకి ముందే తెలుసా?’ అని వచ్చింది. నాలుగో రోజు శుకానందం ఏకంగా పెద్దాయననే కలవడానికి వెళ్ళాడు. అంటే, రేవు పక్కన మద్దిచెట్టు చిట్టచివరి కొమ్మ మీద కూర్చున్నాడు.

"గబ్బాకంటే మీరు భయపడుతున్నారట. నిజమేనాండీ?"

పెద్దాయన పడుకున్నచోటే పడుకుని ఒక కన్ను తెరిచారు. ఆ వారంలో ఆయన కాస్త ఒళ్ళు చేశారు.

"చాలా భయంగా ఉందయ్యా. ఒళ్ళు జలదరిస్తోంది. అందరూ తినేస్తే నేను ఏమైపోవాలి? పొద్దునా సాయంత్రం రెండు పూటలా తింటారేమోనని ఇంకా బెంగగా ఉంది. రాసుకో."

శుకానందం రాసుకున్నాడు. మర్నాడు అడవి అడవంతా రెండు పూటలా తినడం మొదలుపెట్టింది.

మాణిక్యమ్మ పేరు కూడా ఆ వార్తల్లో వచ్చింది. చివరి వరసలో, చిన్న అక్షరాల్లో. అయినా ఆమె ఆ టేకాకుని ఊడదీసి ఇంట్లో పెట్టుకుంది. దారిలో కనబడ్డ కుందేళ్ళు నమస్కారం పెడుతున్నాయి. ఇలా మరో నాలుగు రోజులు గడిచాయి.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం వరాలమ్మ వచ్చింది. వరాలమ్మ చుక్కల జింక. మాణిక్యమ్మకి చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు. వదినా అంటే వదినా అనుకుంటారు. వెనకాల పిల్ల గెంతుకుంటూ వస్తోంది. ఇద్దరి నోట్లోనూ గబ్బాకు.

"ఎక్కడికి వదినా ఈ ఎండలో?" అంది మాణిక్యమ్మ.

"రేవుకి. ఇప్పుడైతే రద్దీ ఉండదు కదా."

మాణిక్యమ్మ గతుక్కుమంది. వరాలమ్మ జన్మలో మంద లేకుండా రేవుకి వెళ్ళలేదు. నాలుగడుగులు వేసి ఒకసారి గాలి పీల్చి, మళ్ళీ నాలుగడుగులు వేసే మనిషి, ఇవాళ పెళ్ళికి వెళ్తున్నట్టు వెళ్తోంది.

"ఒక్కదానివేనా? పిల్లని కూడా తీసుకునా?"

"ఇంకా భయమేమిటి? పేపర్లో పడింది కదా."

"పేపర్లో పడిందల్లా నమ్మేస్తావా?"

వరాలమ్మ నవ్వింది. "పేపరుని నమ్మలేదు వదినా. ఆ నక్కని అసలే నమ్మలేదు. కింద నీ పేరుంది చూశావూ, అది చూసి నమ్మాను."

మాణిక్యమ్మ ఒంటి మీద ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. కోపానికి కాదు, సిగ్గుకి.

"ఒకటి మాత్రం చెప్పాలి వదినా," అంది వరాలమ్మ వెళ్ళబోతూ. "ఈ ఆకు మొదలెట్టిన దగ్గర్నుంచి ముక్కు మొద్దుబారిపోయింది. పూలవాసన లేదు, పేడవాసన లేదు. ఏదీ తెలీట్లేదు. పోనీలే, పెద్దాయన వాసన తెలియాల్సిన అవసరం ఇంక లేదు కదా."

మాణిక్యమ్మకి ఆ ఏడుగురి సంగతి అప్పుడు అర్థమైంది. జింకకి ముక్కే కాపలా. ఆ కాపలావాణ్ణి నిద్రపుచ్చే ఆకుని తన చేత్తోనే బండ మీద పెట్టింది.

"ఆగు వదినా, ఆ రిపోర్టు తప్పు, నేను చెబుతున్నా విను" అని అరిచేలోపే తల్లీ పిల్లా దిగుదారిలోకి మలుపు తిరిగారు. ముళ్ళపంది పరుగు జింక నడకకి కూడా చాలదు. అయినా ఆయాసపడుతూ దిగుదారి మొదటికి పరిగెత్తింది. వాళ్ళు అప్పటికే రెల్లు దాటి కిందికి వెళ్ళిపోయారు.

ఏం చెయ్యాలో తోచలేదు. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేకపోయింది. వీపు మీంచి రెండు ముళ్ళు పీకి ఇసుకలో గుచ్చింది, తల్లికొకటి, పిల్లకొకటి. వాళ్ళ వెనకే ఇంకో జింక దిగింది. "వెళ్ళకమ్మా" అంటే, "నువ్వే కదా కనిపెట్టింది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. దానికీ ఒకటి గుచ్చింది. ఆ తర్వాత దిగినవాళ్ళందరికీ గుచ్చింది. ఎదురుగా ఎక్కుదారి కనిపించేలా గట్టు మీద కూర్చుని, ఎక్కివచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముల్లు తీసేసింది.

పొద్దు వాలింది. దిగేవాళ్ళు అయిపోయారు. ఎక్కేవాళ్ళు కూడా అయిపోయారు. ఇసుకలో ఇంకా పదమూడు ముళ్ళు నిలబడి ఉన్నాయి. మొట్టమొదట గుచ్చిన రెండూ వాటిలో ఉన్నాయి.

మాణిక్యమ్మ ఆ రెండింటికేసి చూస్తూ కూలబడింది. పర్మనెంటు కాగితం గుర్తొచ్చింది. దాని వెల ఇంత అని తెలిస్తే ఎవరైనా ఆ కాగితం ముట్టుకుంటారా?

చీకటి పడే ముందు ఎక్కుదారిలో చిన్న గిట్టల చప్పుడైంది. ముందు పిల్ల, వెనక వరాలమ్మ. "దీనికి కాలు బురదలో దిగబడింది వదినా, లాగేసరికి ఇంతసేపూ..." అంటోంది. మాణిక్యమ్మ లేచి వెళ్ళి ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. ముళ్ళు గుచ్చుకుంటున్నా వరాలమ్మ కదల్లేదు. ఎందుకేడుస్తోందో చెప్పాక, ఇద్దరూ కలిసి రెండు ముళ్ళు తీశారు. పదకొండు మిగిలాయి.

మర్నాడు మాణిక్యమ్మ ఆచార్యుల దగ్గరికి వెళ్ళింది. "ఒక్కరోజులో పదకొండు సార్. ముళ్ళు అక్కడే ఉన్నాయి, వచ్చి చూడండి."

"ముళ్ళు నీ వీపువి. నీ వీపువి నువ్వు లెక్కపెట్టుకుంటే దాన్ని పరిశోధన అనరు," అన్నారాయన. "పైగా ఇంతవరకు ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాళ్ళతో వాదన ఎందుకని శుకానందం దగ్గరికి వెళ్ళింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. సంపాదకుడు కదా, తప్పు దొరికితే సవరణ వేయడం ధర్మమన్నాడు. వేశాడు కూడా. నాలుగో ఆకు వెనక, కాడ దగ్గర: ‘సవరణ. ఇటీవలి వార్తలో "పరార్" అన్నచోట "దాదాపు పరార్" అని చదువుకోగలరు.’

ఆ వారమే రేవు గట్టు మీద ఆచార్యుల వారికి సన్మానం. మంత్రి ఏనుగు గారే స్వయంగా వచ్చారు. అడవిలో సగం జింకలు వచ్చి కూర్చున్నాయి. వరాలమ్మ తన మందకి చెప్పి చూసింది గానీ, పేపర్లో పడినదానికి, పక్కింటావిడ చెప్పినదానికి నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఎవరూ వినలేదు.

దండలు పడ్డాక, రిపోర్టులో రెండో పేరు కాబట్టి మాణిక్యమ్మని కూడా రెండు మాటలు చెప్పమన్నారు.

ఆమె గొంతు సవరించుకుంది. "మా సార్ గొప్పతనం మాటల్లో చెప్పలేనండీ. కానీ ఒక్క వెలితి. ఏడేళ్ళు కష్టపడి కనిపెట్టిన ఆకుని ఆయన ఇంతవరకు రుచి చూడలేదు. అందరికీ పెట్టారు గానీ తనకి ఉంచుకోలేదు. ఇవాళ మనందరి ఎదుటా ఆయన ఒక ఆకు ఆరగించి, రేవుకి దిగి గుక్కెడు నీళ్ళు తాగి వస్తే, చూసి తరిద్దామని ఉంది."

జింకలన్నీ గిట్టలతో నేల కొట్టి హర్షం తెలిపాయి. మంత్రి గారు తొండం ఊపారు. "బాగుంది, కానివ్వండి" అన్నారు.

ఆచార్యులు మాణిక్యమ్మ వైపు చూసిన చూపు ఇక్కడ రాయడం బాగుండదు. తప్పదు కాబట్టి ఆకు నోట్లో వేసుకున్నారు. ముఖం వంకర్లు పోయింది. దిగుదారిలో రెండడుగులు వేసి, అలవాటు కొద్దీ గాలి పీల్చారు. గబ్బాకు తప్ప మరే వాసనా తెలియలేదు. మళ్ళీ పీల్చారు. అడవిలో ఏ వాసనా లేకపోవడం ఎంత భయంగా ఉంటుందో ఆయన అప్పుడు కనిపెట్టారు. బహుశా ఆయన జీవితంలో చేసిన నిజమైన పరిశోధన అదే.

ఇసుకలో మాణిక్యమ్మ ఒక ముల్లు గుచ్చింది.

ఆయన నీటి అంచుకి చేరేసరికి గాలి లేదు. కానీ రెల్లు కదిలింది. మాణిక్యమ్మ చూసింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆ పదకొండు మందీ కళ్ళముందు మెదిలారు కూడా. అయినా ఒకణ్ణి చంపి లెక్క సరిచేయడం ఆమెకి చేతకాలేదు. ఒంటి మీదున్న ముళ్ళన్నీ గలగలలాడించి, "సార్, వెనక్కి చూడండి" అని అరిచింది.

ఆచార్యులు గెంతారు. ఒంటితో పాటు గెంతడానికి తోకకి మాత్రం సమయం చాలలేదు. అడవిలో అదృష్టం పట్టినవాణ్ణి నక్క తోక తొక్కాడంటారు. పెద్దాయన తొక్కడంతో ఊరుకోలేదు.

ఎక్కుదారిలో కేకలు వేసుకుంటూ వచ్చిన ఆచార్యులకి మాణిక్యమ్మ ఎదురెళ్ళి ఫారం పట్టుకుని నిలబడింది.

"గబ్బాకు తిన్నారా సార్?"

"తోక... నా తోక..."

"రెండో ప్రశ్నండీ. పెద్దాయన మిమ్మల్ని తిన్నారా?"

"కనబడట్లేదా? తోక తినేశాడు."

"తోకకి గడి లేదండీ. తిన్నారు, తినలేదు, అంతే. మీరు రాసిందే కదా."

ఆచార్యులు వెనక్కి తిరిగి చూసుకున్నారు. ముందుకి తిరిగి మంత్రి గారిని చూశారు. గుహని, అందులోని చల్లదనాన్ని తలుచుకున్నారు.

"తినలేదు" అన్నారు నీరసంగా.

మాణిక్యమ్మ రాసుకుని, ఇసుకలో ఆయన ముల్లు తీసేసింది. పక్కనే పాత ముళ్ళు పదకొండూ అలాగే నిలబడి ఉన్నాయి. "ఇవేమిటి?" అని ఒక ముసలి జింక అడిగింది. మాణిక్యమ్మ చెప్పింది. ఈసారి పక్కన తోకలేని ఆచార్యులు కూడా ఉండడంతో, అందరూ చివరిదాకా విన్నారు. విన్నాక ఒక్కొక్కరే నోట్లో ఉన్నదాన్ని ఉమ్మేశారు. ముసలి జింక ఆ ముళ్ళ ముందు చాలాసేపు నిలబడింది. అందులో ఒకటి దాని చెల్లెలిది.

మర్నాడు ‘కొమ్మకొమ్మ’ లో వచ్చింది: ‘మృత్యుముఖం నుంచి ఆచార్యుణ్ణి కాపాడిన గబ్బాకు.’ గుహ ఆయనకే ఉంది. తోకలేని జీవితం వల్ల ఆరోగ్యానికి కలిగే పదిహేను లాభాల గురించి ప్రస్తుతం పరిశోధన సాగుతోంది. సన్మాన సభలో ప్రవర్తన సరిగా లేనందుకు మాణిక్యమ్మ పర్మనెంటు ఉద్యోగం రద్దయింది.

ఆమె ఇప్పుడు రేవు గట్టు మీదే ఉంటోంది. పొద్దున దిగేవాళ్ళకి తలా ఒక ముల్లు ఇసుకలో గుచ్చుతుంది, ఎక్కేవాళ్ళకి తీస్తుంది. ఆమెకి పనుంటే వరాలమ్మ గుచ్చుతుంది. జింకలు దిగే ముందు చెట్టు మీద టేకాకు చూడటం మానేసి ఇసుక వైపు చూస్తున్నాయి, ఆ తర్వాత గాలి పీల్చుకుని, మందగా దిగుతున్నాయి. పెద్దాయన కాస్త చిక్కారని వినికిడి. దీన్ని ఎవరూ పరిశోధన అనడం లేదు, పేపర్లోనూ పడలేదు.

నీతి: పరిశోధన నూటికి నూరుపాళ్ళు ఫలించాలంటే, ఎప్పుడూ తిరిగొచ్చినవాళ్ళనే అడగాలి.